రగ్బీ ఫైనల్లో ఓడిపోతున్న జట్టు తేరుకుంటే అభిమానులు అంతలా ఊగిపోతారెందుకు?

ఈ ప్రశ్న మా రూమ్మేట్‌ది. విజయవాడలో రగ్బీ చూసేవాళ్లం ఎంతమందిమి లెండి! ఓ రాత్రి 2011 హైనెకెన్ కప్ (యూరప్ క్లబ్బుల రగ్బీ టోర్నీ) ఫైనల్ పాత వీడియో పెట్టాను. కార్డిఫ్‌లో జరిగిన ఆట అది. సగం ఆటకి ఇంగ్లండ్ క్లబ్ నార్తాంప్టన్ 22, ఐర్లాండ్ జట్టు లెన్‌స్టర్ 6. "ఇంకేముంది, అయిపోయింది" అన్నాడు వాడు. చివరికి లెన్‌స్టర్ 33-22తో గెలిచింది. రెండో సగంలో అవతలివాళ్లకి ఒక్క పాయింటూ రాలేదు. లెన్‌స్టర్ ఆటగాడు జానీ సెక్స్‌టన్ ఒక్కడే మొత్తం 28 పాయింట్లు కొట్టాడు.

అసలు కిటుకు పాయింట్ల లెక్కలో ఉంది. ట్రై అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకి ఆనించడం, దానికి 5. ఆ తర్వాత గోల్‌పోస్టుల మధ్యకి కొట్టే కిక్ పడితే ఇంకో 2. కబడ్డీలో ఒక్క సూపర్ రైడ్‌తో ఆట తిరగబడినట్టే ఇక్కడా ఒక్క ఊపులో 7 వచ్చేస్తాయి. పైగా పాయింట్లు ఇచ్చుకున్న జట్టే బంతిని తన్ని మళ్లీ ఆట మొదలుపెట్టాలి. అంటే కొట్టినవాళ్ల చేతికే తరచు బంతి తిరిగొస్తుంది. టెన్షన్ దిగే సందే ఉండదు.

ఇంకో సంగతి, 80 నిమిషాలు దాటినా బంతి ఆటలో ఉన్నంతసేపూ ఆట ఆగదు. కాబట్టి ముందున్న జట్టు అభిమానులకీ స్థిమితం ఉండదు, గోళ్లు కొరుక్కోవాల్సిందే.

సెక్స్‌టన్ రెండో ట్రైకి మావాడు మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. బందరు రోడ్డు బండి దగ్గర తెచ్చిన పునుగులు పొట్లంలోనే చల్లారిపోయాయి.