కూతురికి కానుక, తల్లికి జాగారం

ప్రశ్న: మేము డాలస్ శివార్లలో ఉంటాం. ఏడాదిన్నర కిందట మా అమ్మాయి పదకొండో పుట్టినరోజుకు మావారు ఒక మాల్‌లోని స్టాలు నుంచి షుగర్ గ్లైడర్ అనే, ఉడుతలా కనిపించే చిన్న జీవిని తెచ్చారు. నన్ను అడగలేదు. అరచేతిలో పట్టే జీవి, రోజుకు నాలుగు గుళికలు, ఓ ఆపిల్ ముక్క వేస్తే చాలని అమ్మినవాళ్లు చెప్పారట. రెండు నెలలు పిల్లకు అదే లోకం. తర్వాత మోజు తీరింది. అది పగలంతా పడుకుంటుంది, అది లేచే వేళకు పిల్ల పడుకోవాలి. పంజరం కడగడం, తిండి పెట్టడం, విసిరేసిన పళ్ల ముక్కలు ఏరడం నా వంతుకు వచ్చాయి. నేను ఉదయం ఏడింటికల్లా ఉద్యోగానికి బయలుదేరాలి. రాత్రి ఒంటిగంటకు అది కుక్కపిల్లలా మొరుగుతుంది. గుంటూరు నుంచి అత్తగారు ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. ఆవిడ పక్క హాల్లో, పంజరమూ హాల్లోనే. "ఎలుకను కూర్చోబెట్టి మేపుతున్నారు" అని రోజూ అంటారు, జీడిపప్పు మాత్రం ఆవిడే పెడతారు. మావారు రాత్రి పదకొండున్నర దాకా హైదరాబాద్ ఆఫీసుతో ఫోన్లలో ఉంటారు. ఈ విషయం ఎత్తితే "శాన్ హోసేలో అన్నయ్య పిల్లలకు పంపేద్దాంలే" అంటారు. పిల్ల ఏడుస్తుంది.

వారం నుంచి అది తన తోక తానే కొరుక్కుంటోంది. బొచ్చు పోయి ఎర్రగా ఉంది. అది మగది. నడినెత్తిన కూడా వెంట్రుకలు పోయాయి. అత్తగారు పసుపు రాద్దామంటున్నారు. ఒక మాట రాయడానికి సిగ్గుగా ఉంది. మొన్న రాత్రి పంజరాన్ని పెరట్లోకి తీసుకెళ్లాను. తలుపు తీసేస్తే పీడ విరగడవుతుందనిపించింది. పది నిమిషాలు నిలబడి మళ్లీ లోపలికి తెచ్చాను. పెళ్లయి ఈ దేశం వచ్చాక మొదటి మూడేళ్లు ఉద్యోగం చేసే అనుమతి లేక అపార్ట్‌మెంట్‌లో ఒక్కదాన్నే గడిపినప్పుడు కూడా నాకు ఇంత కోపం రాలేదు. చిన్న ప్రాణిని ఇంతగా ద్వేషిస్తున్న నేను మంచిదాన్నేనా?

జవాబు: అమ్మా, మీ ప్రశ్న చివర్లో ఉంది, తొందర మాత్రం తోక దగ్గర ఉంది. అందుకని అక్కడే మొదలుపెడతాను.

ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. కుక్కలను, పిల్లులను చూసే ప్రతి పశువైద్యుడికీ ఈ జీవి తెలిసి ఉండదు. షుగర్ గ్లైడర్లను చూస్తారా అని అడిగి మరీ అపాయింట్‌మెంట్ తీసుకోండి. రక్తం కనిపిస్తే రేపటిదాకా ఆగవద్దు. తనను తాను కొరుక్కోవడం ఈ జాతిలో తెలిసిన జబ్బే. ఎక్కడో నొప్పి ఉండి కావచ్చు, బెంగతో కావచ్చు. పట్టించుకోకపోతే తోకంతా పోగొట్టుకునే దాకా కొరుక్కునేవి ఉన్నాయి. పసుపు వద్దు. రాసిన మరుక్షణం నాకేస్తుంది, నాకే సాకుతో ఇంకా కొరుకుతుంది. ఇంట్లో ఉన్న మన ఆయింట్‌మెంట్లకూ అదే మాట. వారంగా అది ఏం తింటోందో కాగితం మీద రాసుకుని వెళ్లండి, జీడిపప్పుతో సహా. ఈ జీవులకు కాల్షియం తక్కువైతే ఎముకలు గుల్లబారి వెనక కాళ్లు పడిపోతాయి. గింజల్లో భాస్వరం, కొవ్వు ఎక్కువ, కాల్షియం తక్కువ. కాళ్లు ఈడుస్తోందా, దూకడం తగ్గిందా అన్నది కూడా డాక్టరుకు చెప్పండి.

ఫోన్ చేశారా? ఇప్పుడు పెరటి సంగతి.

అక్కడ మీరు చేసింది ఒకటే, నిలబడడం. తలుపు తీసి ఉంటే ఏమయ్యేదో మీకు తెలుసు: గుడ్లగూబో, పక్కింటి పిల్లో. పంజరంలో పెరిగిన ఆ జీవి టెక్సస్ పెరట్లో ఎన్నో రాత్రులు బతకదు. అది తెలిసే పది నిమిషాలు నిలబడ్డారు, తెలిసే లోపలికి తెచ్చారు. అంత అలసటలో కూడా లోపలికి తెచ్చిన మనిషిని నేను చెడ్డది అనలేను. వచ్చిన ఆలోచనకు సిగ్గుపడి మనసులో దాచుకుంటే మాత్రం అది మళ్లీ మళ్లీ వస్తుంది. నాకు రాశారు, మంచి పని చేశారు. మీవారికి కూడా చెప్పండి. "పెరట్లో వదిలేద్దామనుకున్నాను" అన్న మాట ఆయన చెవిన పడితే గాని ఈ ఇంట్లో వ్యవహారం ఎంతదూరం వచ్చిందో ఆయనకు అందదని నా అనుమానం.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన పొట్టి వాక్యం "నన్ను అడగలేదు". రెండే మాటలు. మీ కోపం ఊరు, పేరు రెండూ అవే. కానుక ఇచ్చినవారికి ఒక సాయంత్రం ఆనందం దక్కింది. పుచ్చుకున్న పిల్లకు రెండు నెలల ముచ్చట తీరింది. మిగిలిందంతా, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ కాని మూడో మనిషి నెత్తిన పడింది. ఆ మిగిలింది ఎంతో కూడా లెక్క వేసుకుందాం. బాగా చూసుకుంటే ఇవి పది, పన్నెండేళ్లు బతుకుతాయి, పదిహేనేళ్లకు చేరుకునేవీ ఉన్నాయి. మీ అమ్మాయి ఆరేళ్లలో కాలేజీకి వెళ్లిపోతుంది. అప్పటికి దీనికి ఎనిమిదేళ్లు కూడా నిండవు. అమ్మినవాళ్లు నాలుగు గుళికల లెక్క చెప్పారు గాని ఈ లెక్క చెప్పలేదు.

అది ఎందుకు మొరుగుతుందో కూడా వారు చెప్పి ఉండరు. చూడడానికి ఉడుతలా ఉన్నా ఉడుతకూ దీనికీ చుట్టరికం లేదు. కంగారూలాగా కడుపు సంచిలో పిల్లను మోసే జాతి ఇది. ఆస్ట్రేలియా, న్యూ గినియా అడవుల్లో చెట్టు తొర్రలో ఏడెనిమిది కలిసి ఒకదాన్ని ఒకటి హత్తుకుని పడుకుంటాయి. రాత్రి లేచి చెట్ల బంక, తేనె, పురుగులు వెతుక్కుంటాయి. ముందుకాలి నుంచి వెనక కాలి దాకా ఉన్న పల్చటి చర్మాన్ని గొడుగులా చాచి యాభై మీటర్ల దాకా తేలిపోగలవు. అమెరికా ఇళ్లలో పెరుగుతున్నవాటి మూలాలు ఇండోనేసియాలోని పశ్చిమ పపువాలో ఉన్నాయని 2019లో ఒక జన్యు పరిశోధన తేల్చింది. అంటే మీ హాల్లో ఉన్నదీ సముద్రం దాటి వచ్చిన వంశమే. బెదిరినప్పుడు మొరుగుతాయి, తమవాళ్లను పిలవడానికీ మొరుగుతాయి. మీ ఇంట్లో రాత్రి ఒంటిగంటకు అది పిలిస్తే బదులు పలికే గొంతు లేదు.

మీ మూడేళ్ల అపార్ట్‌మెంట్ జీవితాన్ని ఒక్క వాక్యంలో దాటవేశారు. దానికీ దీనికీ పోలిక పెట్టి మీ మనసు నొప్పించే ఉద్దేశం నాకు లేదు. ఒకటి మాత్రం అడుగుతాను. ఆ రోజుల్లో మీకు కోపం రాలేదని రాశారు. నిజంగా రాలేదా, ఎవరి మీద చూపించాలో తెలియక ఊరుకున్నారా? ఇప్పుడు వచ్చిన కోపంలో పాత బాకీ ఎంతో మీరే తూచుకోవాలి. అది మీకూ మీవారికీ మధ్య మాట్లాడుకోవలసిన సంగతి. నూట ఇరవై గ్రాముల జీవి మీద పెట్టవలసిన బరువు కాదు.

ఇక పని పంపకం. రాత్రంతా మేలుకునే జీవి ఒకటి, రాత్రి పదకొండున్నర దాకా మేలుకునే మనిషి ఒకరు మీ ఇంట్లోనే ఉన్నారు. మధ్యలో మీ నిద్ర ఎందుకు చెడాలి? ఇంత సులువైన జోడీ ఏడాదిన్నరగా మీ ఇంట్లో ఎవరికీ తట్టకపోవడానికి కారణం, ఆ పని మీదేనని అందరూ అనుకోవడం. మీరు కూడా. పంజరాన్ని మీవారు ఫోన్లు మాట్లాడే గదిలోకి మార్పించండి. మార్చేటప్పుడు ఏసీ గాలి నేరుగా తగలని మూల చూడండి. మరీ చలి తగిలితే ఇవి చల్లబడి కదలకుండా పడిపోతాయి, చచ్చిపోయిందనుకుని బెదిరిపోతారు. రాత్రి తిండి, నీళ్లు ఆయన పెడతారు. పడుకోబోయే ముందు మిగిలినది తీసేస్తారు. ఆదివారం పంజరం ఆయనా, అమ్మాయీ కడుగుతారు. ఫోనులో మాట్లాడుతుండగా అది మొరిగితే మొరగనివ్వండి, హైదరాబాద్ ఆఫీసు వాళ్లకూ కాస్త కాలక్షేపం.

ఈ మాట రాత్రి ఒంటిగంటకు చెప్పవద్దు. శనివారం ఉదయం కాఫీ తాగుతూ చెప్పండి. "మీరు తెచ్చారు కాబట్టి మీరే పడండి" అన్న ధోరణిలో మొదలుపెడితే ఆయన మళ్లీ శాన్ హోసే పేరు ఎత్తుతారు. "నేను రాత్రిపూట ఇక లేవలేను. ఈ నెలరోజులు మీరు చూడండి. తర్వాత ఉంచుకోవాలో ఇచ్చేయాలో ముగ్గురం కూర్చుని తేలుద్దాం" అనండి. నెల అన్నది గట్టిగా పట్టుకోండి. నెల దాటాక మీరు జాలిపడి పంజరం దగ్గరికి వెళ్లారంటే పాత కథే.

శాన్ హోసే సంగతి ఇక్కడే తేల్చేస్తాను. కాలిఫోర్నియాలో వీటిని ఇంట్లో పెంచుకోవడం చట్టవిరుద్ధం. హవాయి, అలాస్కాలలోనూ అంతే. బావగారి పిల్లలకు పంపితే వారికి చిక్కు, ఆ ప్రాణికి అంతకంటే పెద్ద చిక్కు. చట్టం మాట పక్కన పెట్టినా, అక్కడ కూడా ఒక తల్లి రాత్రుళ్లు లేస్తుంది. మీ తోడికోడలికి ఆ జాగారం ఎందుకు?

ఉంచుకోవాలా, ఇవ్వాలా అంటే నా అభిప్రాయం దాచను. ఒంటరిగా మాత్రం ఉంచవద్దు. ఉంచుకునేటట్టయితే దానికి ఒక తోడు కావాలి. ఆడదాన్ని తెచ్చేముందు దీనికి పిల్లలు పుట్టని ఆపరేషన్ చేయించాలి. చేయించకపోతే తోడు కాస్తా సంసారం అవుతుంది. గర్భం పదహారు రోజులే, ఆ పైన పిల్లలు సుమారు రెండు నెలలకు పైగా సంచిలో పెరుగుతాయి. రెండింటికీ సరైన తిండి, పెద్ద పంజరం, ఏటా డాక్టరు. ఇదంతా మీవారు నెలరోజులు చేసి చూపించి, ఇంకా చేస్తానంటే ఉంచుకోండి. లేదంటే ఇప్పటికే నాలుగైదింటిని పెంచుతూ, వాటి రాత్రుళ్లకు అలవాటుపడిన ఇంటికి, మీ రాష్ట్రంలోనే, ఇచ్చేయండి. ఎవరు తీసుకుంటారో మీ డాక్టరునే అడగండి, వారికి అలాంటివాళ్లు తెలిసి ఉంటారు. తోక మానాకనే ఇవ్వాలి. నన్ను ఒక మాట చెప్పమంటే ఇచ్చేయమనే చెబుతాను. మీ వాళ్ల మీద నమ్మకం లేక కాదు, పన్నెండేళ్లు ఒక ఇంటి రాత్రుళ్లను మార్చుకోవడం చిన్న విషయం కాదు కనుక.

అమ్మాయి దగ్గర రెండు అబద్ధాలు వద్దు. "అది పారిపోయింది" అని చెప్పవద్దు, "నువ్వు పట్టించుకోకపోవడం వల్లే" అనీ చెప్పవద్దు. మొదటిది తెలిసిపోతుంది, రెండోది నిజం కాదు. పదకొండేళ్ల పిల్లను రాత్రి జీవికి యజమానిని చేసింది పెద్దవాళ్లు. ఈ నెలరోజులు ఆ పిల్లకు చేతనయ్యే పద్ధతి ఒకటుంది. మెడలో వేలాడే చిన్న గుడ్డ సంచిలో దాన్ని పడుకోబెట్టి, సాయంత్రం హోంవర్క్ చేసుకునేటప్పుడు ఒంటికి ఆనించి పెట్టుకుంటే చాలు. అది నిద్రపోతూనే పిల్ల వాసనకు అలవాటుపడుతుంది. బయటికి వదిలే వేళ ఫ్యాను ఆపాలి, బాత్రూములో కమోడ్ మూత వేసి ఉండాలి. నీళ్లలో పడి చనిపోయినవి చాలా ఉన్నాయి. చివరికి ఇవ్వాలని తేలితే ఏ ఇంటికి ఇవ్వాలో చూడడానికి అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి. ఏడుస్తుంది. ఏడవనివ్వండి.

అత్తగారి గురించి మీరు ఫిర్యాదుగా రాశారు గాని నాకు ఆవిడ నచ్చారు. ఎలుక అని తిడుతూ జీడిపప్పు పెట్టే మనిషి ఆ ఇంట్లో మీరు కాక దాన్ని రాత్రిపూట చూస్తున్న ఏకైక మనిషి. తెల్లవారుజామున నాలుగింటికి లేచే అలవాటు ఆవిడకు ఉంటుంది, అప్పటికి అదీ మేలుకునే ఉంటుంది. ఇద్దరూ ఊరు కాని ఊళ్లో, నిద్రపట్టని వేళ. జీడిపప్పు మానెయ్యమని ఊరికే చెబితే నొచ్చుకుంటారు, మారుగా ఏదైనా చేతిలో పెట్టాలి. డాక్టరు ఒప్పుకున్న కూరముక్కలు సన్నగా తరిగి ఇవ్వడం ఆవిడ పని చేయండి. కుట్టుపని వస్తే ఆ మెడ సంచి కూడా ఆవిడ చేతే కుట్టించండి. మెత్తటి ఫ్లీసు గుడ్డ కావాలి, తువాలు గుడ్డ పనికిరాదు, పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. చాక్లెట్టు, ఉల్లి, వెల్లుల్లి దగ్గరికి రానివ్వవద్దని ఆవిడకే కాపలా అప్పగించండి.

పంజరం గది మారాక మీరు వరసగా పది రాత్రులు నిద్రపోండి. అప్పటికీ నిద్ర రాకపోయినా, ఆ కోపం తగ్గకపోయినా, మీకోసం మీరు కూడా ఒక డాక్టరును కలవండి. ఆ సంగతి తోక మానేదాకా వాయిదా వేయవద్దు.

మరిచాను, నడినెత్తిన బట్టతల. అది జబ్బు కాదు. వయసుకు వచ్చిన మగ గ్లైడర్లకు నెత్తి మీద వాసన గ్రంథి ఉంటుంది, అక్కడ వెంట్రుకలు పలచబడి అలా కనిపిస్తుంది. ఇల్లు తనదేనని దాంతోనే ముద్ర వేస్తుంది. పసుపు అక్కడ కూడా వద్దు. ఈ సంగతి అత్తగారికి మీరు చెప్పవద్దు, మీవారి చేతే చెప్పించండి.