పగలు అకౌంట్స్, సాయంత్రం ఎడిటింగ్: అమ్మాయికి ఏ ల్యాప్‌టాప్ కొనాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ పూర్తిచేసి ఒక ఆడిటర్ ఆఫీసులో చేరింది. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. టాలీ, ఎక్సెల్, ఆన్‌లైన్ మీటింగులు ఉంటాయి. సాయంత్రాలు వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటోంది. తెలిసిన ఫొటోగ్రాఫర్ పెళ్లి వీడియోల పని ఇస్తానన్నాడు. నా బడ్జెట్ 60 వేలు. షాపువాళ్లు 90 వేల గేమింగ్ ల్యాప్‌టాప్ ఈఎంఐలో తీసుకోమంటున్నారు. మా బావమరిది కొడుకేమో మ్యాక్‌బుక్కే కొనమంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: షాపుకు వెళ్లేముందు మీ అమ్మాయి చేత ఆఫీసులో ఒక మాట అడిగించండి. ఇంటి నుంచి చేసే పనికి వాళ్లే ల్యాప్‌టాప్ ఇస్తారా? కొత్తగా చేరిన పిల్లలు ఇలాంటివి అడగడానికి మొహమాటపడతారు, కానీ ఇది అడగాల్సిన మాటే. ఆడిటర్ దగ్గర పనంటే క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డులు. అవి సొంత మెషీన్ నుంచి బయటికి పొక్కితే ముందుగా నిలదీసేది మీ అమ్మాయినే. ఆఫీసు మెషీన్ ఇస్తే మీ 60 వేలూ ఎడిటింగ్‌కే పెట్టొచ్చు.

ఇవ్వకపోతే ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు యూజర్ అకౌంట్లు పెట్టుకోవాలి. అందులో క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఒక్కటి కూడా వేయకూడదు. ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. వైరస్‌లు వచ్చేది ఆ దారినే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ నేర్చుకోవడానికి సరిపోతుంది.

మ్యాక్‌బుక్ మంచి మెషీనే, ఎడిటింగ్‌కి మరీ మంచిది. అయితే టాలీప్రైమ్ విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. పెళ్లి వీడియోలో తెలుగు టైటిళ్లకీ ఆల్బమ్ పేజీలకీ మన స్టూడియోలు చాలావరకు ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లు వాడతాయి, అదీ విండోస్ పనే. పైగా ఇప్పటి మ్యాక్‌బుక్‌లలో కొన్న తర్వాత ర్యామ్ పెంచుకోవడం కుదరదు. మీ అమ్మాయికి ఇప్పుడు అది వద్దు.

గేమింగ్ ల్యాప్‌టాప్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అందులోని గ్రాఫిక్స్ కార్డు కలర్ సరిచేసేటప్పుడు, ఎఫెక్టులు వేసేటప్పుడు నిజంగానే సాయపడుతుంది. కానీ ఇప్పటి పెళ్లి కెమెరాల్లో చాలావాటిలో 10 బిట్ 4:2:2 హెచ్.265 అనే పద్ధతిలో రికార్డు చేసే వీలుంది. ఆ ఫైళ్లను తేలిగ్గా నడిపించే ఏర్పాటు ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని సొంత గ్రాఫిక్స్‌లోనే ఉంది. గ్రాఫిక్స్ కార్డులు చేసే ఎన్విడియాలో అది ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. అంటే 90 వేలు పోసి ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 కార్డు ఉన్నది తెచ్చుకున్నా, ఈ ఫైళ్ల దగ్గర అది తడబడొచ్చు. అందుకే కొనేముందే ఆ ఫొటోగ్రాఫర్‌ని ఏ కెమెరా, ఏ ఫార్మాట్ అని అడగమనండి. ఏ మెషీన్‌లోనైనా ప్రాక్సీ దారి ఎలాగూ ఉంది. పెద్ద ఫైళ్లకు చిన్న నకళ్లు చేసుకుని వాటి మీద ఎడిట్ చేసి, చివర్లో అసలు ఫైళ్లతో వీడియో తీస్తారు. ఇది మొదటి నెలలోనే నేర్చుకోవాల్సిన పని.

ఒక్క ఆర్డరు డబ్బు కూడా చేతికి రాకముందే మరో 30 వేల అప్పు నెత్తిన పెట్టుకోవడం నాకు నచ్చలేదు. ఇప్పుడు ఇల్లు చేరే జీతం అకౌంట్స్‌ది. ఎడిటింగ్ ఆమెకు రెండో ఆదాయం అవుతుందో, సరదాగా మిగులుతుందో తెలియడానికి ఒక పెళ్లిళ్ల సీజన్ పడుతుంది. అప్పటిదాకా రెండు పనులూ చేయగలిగి, తర్వాత పెంచుకోగలిగే మెషీన్ ఉంటే చాలు.

ధరలు తరచూ మారుతున్నాయి కాబట్టి మోడల్ పేరు చెప్పను, ఏం చూడాలో చెబుతాను. ర్యామ్ 16 జీబీ ఉండాలి. బడ్జెట్ దాటితే 8 జీబీది తీసుకోవచ్చు, కానీ అదనపు స్లాట్ ఉందని తేల్చుకున్నాకే. పలుచటి మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, తర్వాత ఏమీ చేయలేం. ప్రాసెసర్ ఇంటెల్ అయితే ఐ5లో పేరు చివర హెచ్ ఉన్నది ఎడిటింగ్‌కి మేలు, యూ ఉన్నది బ్యాటరీకి మేలు. ఏఎండీ 7000 సిరీస్‌లో మాత్రం జాగ్రత్త. రైజెన్ 5 7520యూ, 7530యూ అనేవి అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. మొదటిది పాత జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు. రెండోది జెన్ 3, ఆరు కోర్లు. ఆ నంబరులో మూడో అంకె చూస్తే తరం తెలిసిపోతుంది.

తెర విషయంలో మాత్రం రాజీ పడకండి. చవక మోడళ్లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని చిన్నగా రాసి ఉంటుంది, అంటే ఆ తెర తక్కువ రంగులే చూపిస్తుంది. ఆ తెరమీద పట్టుచీర ఎరుపు సరిచేస్తే పెళ్లివారి ఫోన్‌లో మరో రంగు కనిపిస్తుంది. రంగుల కొలతలో దాదాపు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నది వెతకండి. దానికోసం ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగినా ఫర్వాలేదు.

స్టోరేజీ లెక్క కూడా చూడండి. సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియో గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు మూడేసి గంటలు తీస్తే 270 జీబీ. లోపలి 512 జీబీలో సగానికి పైగా ఒక్క పెళ్లికే పోతుంది. కాబట్టి బడ్జెట్‌లోంచే బయట పెట్టుకునే ఎస్‌ఎస్‌డీకి కొంత తీసిపెట్టండి.

సెకండ్ హ్యాండ్ ఆలోచన ఉంటే ఇంటెల్ 8వ తరం కన్నా పాతది వద్దు. విండోస్ 11 అధికారికంగా దానికి రాదు, విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

కొనే రోజు షాపులోనే ఆన్ చేయించి టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూడమనండి, ర్యామ్ స్లాట్లు ఎన్ని వాడారో చాలా మెషీన్లలో అక్కడే కనిపిస్తుంది. సీరియల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ తేదీ కూడా చూసుకోండి. అది కొన్న తేదీతో కలవకపోతే బిల్లు పంపి సరిచేయించుకోవచ్చు, ఆ పని మొదటి వారంలోనే చేయించండి.