గ్రాఫిక్స్ కార్డు వారంటీలోనే పోయింది.. ‘ఫిజికల్ డ్యామేజ్’ అని తిప్పి పంపుతున్నారు

ప్రశ్న: మాది ఖమ్మం. 14 నెలల క్రితం సికింద్రాబాద్‌లోని ఒక షాపులో రూ.38,500 పెట్టి గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. 3 ఏళ్ల వారంటీ. ఇంట్లోనే, నేనొక్కణ్నే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుంటాను. ఈమధ్య స్క్రీన్ మీద రంగురంగుల గళ్లు రావడం, కాసేపటికి నల్లబడిపోవడం మొదలైంది. కార్డు ఊడదీసి, రెండువైపులా ఫొటోలు తీసి షాపతనికి వాట్సాప్ చేశాను. మర్నాడు తీసుకెళ్లి ఇస్తే చేత్తో రాసిన చిన్న స్లిప్పు ఇచ్చారు. నెల తర్వాత ‘మీ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై) వల్లే పోయింది’ అన్నారు. ఇప్పుడేమో సర్వీస్ సెంటర్ వాళ్లు ‘పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీద క్రాక్ ఉంది, ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు’ అన్నారట. తమకు సంబంధం లేదని షాపువాళ్లు చేతులెత్తేశారు. కార్డు ఇంకా షాపులోనే ఉంది. కేసు వేయొచ్చా? వేస్తే హైదరాబాద్ చుట్టూ తిరగాలా?
– ఒక పాఠకుడు

జవాబు: వేయొచ్చు. అదీ ఖమ్మంలోనే వేయొచ్చు. కానీ అంతకన్నా ముందు జాగ్రత్తపడాల్సిన విషయం ఒకటుంది. కార్డు ఇంకా షాపులోనే ఉందన్నారు. దాన్ని మీరు వెనక్కి తీసుకునే తీరును బట్టే ఈ కేసు నిలబడటమో పోవడమో జరుగుతుంది. ఫోన్ చేసి రమ్మన్నారు కదా అని వెళ్లి, రిజిస్టర్లో సంతకం పెట్టి, కవర్లో వేసుకుని వచ్చేయకండి.

ఫిజికల్ డ్యామేజ్‌కి వారంటీ వర్తించదన్న షరతు దాదాపు అన్ని కంపెనీల కార్డులకూ ఉంటుంది. ఆ షరతే చెల్లదని వాదిస్తే గెలవడం కష్టం. ‘నేను అప్పగించిన రోజున క్రాక్ లేదు’ అన్నదే మీ వాదన కావాలి. మీరు ముందురోజు పంపిన ఫొటోలు అక్కడే పనికొస్తాయి. మరమ్మతు కోసం ఒకరి వస్తువు తీసుకున్నవాడు దాన్ని తన సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాలని కాంట్రాక్ట్ చట్టం, 1872లోని సెక్షన్ 151 చెబుతోంది. వస్తువు తమ చేతిలో ఉండగా దెబ్బతింటే, తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపించాల్సింది వాళ్లే. షాపు నుంచి సర్వీస్ సెంటర్‌కి కొరియర్లో వెళ్లి రావడం కూడా అందులో భాగమే. బరువైన కార్డును సరైన ప్యాకింగ్ లేకుండా పంపితే, మదర్‌బోర్డు స్లాట్‌లో లాక్ పడే కొక్కెం దగ్గర పీసీబీ సన్నగా చీలడం అరుదేమీ కాదు.

అయితే అదే చోట క్రాక్ మరో కారణంతోనూ వస్తుంది. కింద ఆధారం లేకుండా నెలల తరబడి క్యాబినెట్‌లో వేలాడితే కార్డు ముందువైపు కుంగి, ఆ కొక్కెం దగ్గరే బోర్డు చీలుతుంది. అవతలి లాయరు తప్పకుండా ఈ మాట ఎత్తుతారు. కాబట్టి మీ ఫొటోల్లో బంగారు రంగు కాంటాక్టుల చివర, ఆ కొక్కెం పడే మూల స్పష్టంగా కనిపిస్తున్నాయో లేదో ఇప్పుడే పెద్దది చేసి చూసుకోండి. కనిపిస్తుంటే మీ చేతిలో బలమైన సాక్ష్యం ఉన్నట్టే. కనిపించకపోతే కేసు పోయినట్టు కాదు గానీ, అప్పుడు ల్యాబ్ పరీక్ష అవసరం పెరుగుతుంది.

ఇక షాపుకి వెళ్లేముందు ఈమెయిల్‌లో గానీ వాట్సాప్‌లో గానీ మూడు కాగితాలు అడగండి: కార్డు తీసుకున్నప్పుడు సర్వీస్ సెంటర్ రాసిన జాబ్‌షీట్, క్రాక్ కనిపించేలా వాళ్లు తీసిన ఫొటో, వారంటీ నిరాకరిస్తూ కారణం రాసిన తేదీ ఉన్న కాగితం. వీటిలో జాబ్‌షీట్ అన్నిటికన్నా విలువైనది. వస్తువు తీసుకునేటప్పుడు దాని స్థితి రాసే గడి చాలా జాబ్‌షీట్లలో ఉంటుంది. అందులో దెబ్బ ఉన్నట్టు రాయకపోతే, ఆ క్రాక్ తర్వాతే వచ్చిందనడానికి వాళ్ల కాగితమే సాక్ష్యం. ఇవ్వనంటే, అడిగిన మెసేజ్ మీ దగ్గరుంటుంది. ఆ జాబ్‌షీట్‌ను తెప్పించమని వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు.

కార్డు చేతికి తీసుకునేటప్పుడు ఒకరిని తోడు తీసుకెళ్లి, కౌంటర్ దగ్గరే ఆపకుండా వీడియో తీయించండి. ముందు కార్డు మీది సీరియల్ నంబరును మీ బాక్సు మీది నంబరుతోనూ, బిల్లులో నంబరు రాసి ఉంటే దానితోనూ పోల్చండి. వేరే కార్డు రావడమన్నది లేనిపోని అనుమానం కాదు. తర్వాత క్రాక్ ఉందన్న చోటు దగ్గరగా తీయండి. సంతకం పెట్టాల్సి వస్తే దాని పైన మీ చేత్తో ‘నేను ఇచ్చినప్పుడు ఈ పగులు లేదు. అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాసి తేదీ వేయండి. అలా రాయనివ్వకపోతే కార్డు తీసుకోకుండా వచ్చేసి, అదే సంగతి వెంటనే మెసేజ్ పెట్టండి.

ఎస్‌ఎంపీఎస్ వాదన గురించి. ముందొక కారణం చెప్పి తర్వాత ఇంకొకటి చెప్పడం మీకు మేలు చేసే విషయమే. ఆ మొదటి మాట ఫోన్లో మాత్రమే అన్నారా, మెసేజ్‌లో ఉందా చూడండి. లేకపోతే ‘ఫలానా తేదీన మీరు ఎస్‌ఎంపీఎస్ కారణమన్నారు, ఇప్పుడు క్రాక్ అంటున్నారు, రెండింటిలో ఏది?’ అని మీరే రాసి పంపండి. సాంకేతికంగా ఆ రెండూ వేర్వేరు. కరెంటు వల్ల పోయిన కార్డులో కనెక్టర్ పిన్నుల దగ్గరో, పవర్ భాగంలోనో కాలిన గుర్తు గానీ షార్ట్ గానీ దొరకాలి. బోర్డు చీలడానికి వోల్టేజీతో పని లేదు.

మీ ఎస్‌ఎంపీఎస్ బాగుందని ఇప్పుడే చూపించుకోవచ్చు. అదే సిస్టమ్‌లో అంతే కరెంటు తీసుకునే ఇంకో కార్డు పెట్టి అరగంట లోడ్ ఇచ్చి నడపండి. మల్టీమీటర్‌తో 12 వోల్టుల లైను చూస్తే 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. కంప్యూటర్ పవర్ సప్లైలకు ఉండే ఏటీఎక్స్ ప్రమాణం ఒప్పుకునేది ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం. స్లాట్ నుంచి 75 వాట్లు, ఒక్కో 8 పిన్ కేబుల్ నుంచి 150 వాట్లు వస్తాయి. మీ కార్డుకు ఎన్ని కేబుళ్లు, ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లు, కంపెనీ ఎన్ని వాట్లది వాడమంది అన్నవి ఒక కాగితం మీద రాసి, ఎస్‌ఎంపీఎస్ బిల్లుతో కలిపి పెట్టుకోండి. ఈ పరీక్ష మీ ఊళ్లో హార్డ్‌వేర్ తెలిసిన టెక్నీషియన్ చేత చేయించి, సంతకంతో చిన్న రిపోర్టు తీసుకుంటే ఇంకా మంచిది. అవసరమైతే అతను అఫిడవిట్ ఇవ్వగలగాలి.

దయచేసి విండోస్‌ను ఫార్మాట్ చేయకండి. లోపం ఎప్పుడు మొదలైందో విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో (సిస్టమ్‌లో జరిగినవి నమోదయ్యే చోటు) రాసి ఉంటుంది. డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆగి మళ్లీ తేరుకుందని చెప్పే 4101 నంబరు ఎంట్రీలు సిస్టమ్ లాగ్‌లో వెతకండి. పాతవి వాటంతటవే చెరిగిపోతాయి కాబట్టి లాగ్ మొత్తాన్ని ఈరోజే సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. సిస్టమ్ దానంతటదే ఆగిపోయినట్టు చెప్పే 41 నంబరు ఎంట్రీలు వరసగా ఉంటే మాత్రం అవతలివాళ్లు పవర్ సప్లై వైపు వేలు చూపుతారు. అది ముందే తెలిసి ఉండటం మంచిది. విండోస్ లోడ్ కాకముందే, బయోస్ స్క్రీన్ మీదే గళ్లు కనబడిన ఫొటో ఏదైనా ఉంటే తప్పక జతచేయండి. అక్కడ విండోస్ డ్రైవర్ ఇంకా పనిచేయదు. కాబట్టి ‘సాఫ్ట్‌వేర్ సమస్య’ అన్న మాటకు తావుండదు.

వాట్సాప్ చాట్‌ను చెరపకండి, ఆ ఫోను అమ్మకండి. స్క్రీన్‌షాట్లతో పాటు ఒరిజినల్ ఫొటోలు ఉండాలి. ఎలక్ట్రానిక్ రికార్డు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య నిబంధనలను సివిల్ కోర్టుల్లా పట్టుబట్టి చూడకపోయినా, అది ఉంటే అభ్యంతరాలకు చోటుండదు.

‘మాకు సంబంధం లేదు’ అన్న షాపువాళ్ల మాట చట్టం ముందు నిలవదు. డబ్బు తీసుకుని బిల్లు ఇచ్చింది వాళ్లే. కార్డు తీసుకుని స్లిప్పు ఇచ్చిందీ వాళ్లే. షాపును, సర్వీస్ సెంటర్‌ను, కార్డు మీద పేరున్న కంపెనీ భారతీయ సంస్థను లేదా దిగుమతిదారును, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. దిగుమతిదారు పేరు, చిరునామా బాక్సు మీద ముద్రించి ఉండాలి కాబట్టి బాక్సు పారేయకండి. చిప్ ఎన్విడియాదైనా ఏఎండీదైనా, కార్డు తయారుచేసి వారంటీ ఇచ్చింది వేరే కంపెనీ అయితే చిప్ కంపెనీని లాగాల్సిన పనిలేదు.

వీడియో ఎడిటింగ్ మీ జీవనోపాధి కాబట్టి, ‘వ్యాపారం కోసం కొన్నాడు, వినియోగదారుడు కాడు’ అన్న అభ్యంతరం వస్తుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(7) వివరణ దీనికి సమాధానం. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని, తానే వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. ఒక్కరే చేసుకుంటున్నారన్న వాక్యం ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. వాణిజ్య ప్రయోజనమని నిరూపించే భారం అవతలివారిదేనని శ్రీరామ్ చిట్స్ కేసులో సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. కానీ ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. నష్టపరిహారం పెంచాలని లక్షల్లో వ్యాపార నష్టం చూపిస్తారు. అది అవతలివాళ్లకే ఆయుధమవుతుంది. అద్దెకు కార్డు తెచ్చుకున్న రసీదు, పని బయట చేయించిన ఖర్చు, ఇలా కాగితం ఉన్నంతవరకే అడగండి.

ముందు 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. కంపెనీలు చాలాసార్లు ఈ దశలోనే దిగివస్తాయి. మార్చి ఇస్తే సరిపోతుందనుకుంటే ఒప్పుకోండి. అయితే కొత్తదా, బాగుచేసినదా, మిగిలిన వారంటీ ఎంత అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. తేలకపోతే 15 రోజుల గడువుతో ముగ్గురికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. నోటీసు తప్పనిసరి కాదు గానీ, జవాబు రాకపోవడం కూడా మీకు ఆధారమే.

తర్వాత ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. మీరు నివసించే చోటే వేసే హక్కును సెక్షన్ 34 ఇచ్చింది. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్లో వేయొచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. మీ విషయంలో అది వారంటీ నిరాకరించిన రోజు నుంచి మొదలవుతుంది. నిరాకరణ కాగితం మీద తేదీ ఉండాలన్నది అందుకే. నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి. 45 రోజులు దాటితే తీసుకోకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది.

ఫిర్యాదుతో పాటే సెక్షన్ 38(2)(సి) కింద కార్డును సీలు చేసి తగిన ల్యాబ్‌కు పంపమని దరఖాస్తు పెట్టండి. ల్యాబ్ ఫీజు ముందుగా మీరే కట్టాలి. పగులు పాతదా కొత్తదా, స్క్రీన్ మీద గళ్లకు అదే కారణమా, మెమొరీ చిప్ లోపమా అని ప్రశ్నలు విడివిడిగా రాయండి. ‘కార్డు పాడైందా’ అని ఒక్క ప్రశ్న పంపితే ‘పాడైంది’ అన్న ఒక్క జవాబే వస్తుంది. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

కొందరు ఇలాంటి ఫిర్యాదుల్లో ఉత్పత్తి బాధ్యత సెక్షన్లు 82 నుంచి 87 వరకు వరసగా రాసేస్తారు. ఆ అధ్యాయంలో నష్టమంటే ఆ వస్తువుకే జరిగిన నష్టం కాదు. కార్డు కాలి మదర్‌బోర్డు తగలబడితే అది వర్తిస్తుంది, మీకు అవసరం లేదు. సెక్షన్ 39 కింద కార్డు మార్చడం, లేదా ధర వడ్డీతో తిరిగి ఇవ్వడం, పరిహారం, ఖర్చులు అడగండి.

ఈలోగా ఎవరెంత నమ్మకంగా చెప్పినా కార్డును విప్పించకండి, హీట్ గన్‌తో చిప్ వేడి చేయించకండి, రీబాలింగ్‌కు (చిప్‌ను ఊడదీసి మళ్లీ అతికించడానికి) ఇవ్వకండి. ఒక్కసారి వేరే చేయి పడిందంటే, క్రాక్ ఎవరి దగ్గర వచ్చిందో ఏ ల్యాబూ చెప్పలేదు. యాంటీస్టాటిక్ కవర్లో, అదే బాక్సులో పెట్టి, టేపు వేసి, తేదీ రాసి ఉంచండి.