రొమిలా థాపర్ పరిచయ వ్యాసం: పద్మభూషణ్, తేదీల చిక్కు

నమస్కారమండీ. ప్రాచీన భారత చరిత్రకారిణి ఆచార్య రొమిలా థాపర్ గారిపై మన విద్యార్థుల కోసం మీరు సిద్ధం చేస్తున్న పరిచయ వ్యాసం విషయంలో, ఆమెకు పద్మభూషణ్ వచ్చిందని ఒకచోట, ఆమె వద్దన్నారని మరొకచోట ఉందనీ, అశోకుడిపై ఆమె పరిశోధనకు 1958, 1961 అని రెండు సంవత్సరాలు కనిపిస్తున్నాయనీ రాశారు.

తేదీల సంగతి తేలికే. 1931లో లక్నోలో పుట్టిన ఆమె పంజాబ్ విశ్వవిద్యాలయంలో చదివి, లండన్‌లో చరిత్రకారుడు ఏ.ఎల్. బాషం పర్యవేక్షణలో 1958లో డాక్టరేట్ పొందారు. అశోకుడిపైన, మౌర్యుల పతనంపైన ఆమె పుస్తకం 1961లో అచ్చయింది. కాబట్టి రెండూ సరైనవే, దేనికి ఏది అన్నది స్పష్టంగా రాస్తే చాలు.

పద్మభూషణ్‌ను మాత్రం ఆమె 1992లోనూ, 2005లోనూ తిరస్కరించారు. విద్యాసంస్థలు గానీ తన వృత్తికి సంబంధించిన సంస్థలు గానీ ఇచ్చే పురస్కారాలనే స్వీకరిస్తానన్నది ఆమె చెప్పిన కారణం. 2008లో చరిత్రకారుడు పీటర్ బ్రౌన్‌తో కలిసి, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇచ్చే క్లూగె బహుమతిని అందుకున్నారు. అందువల్ల ‘పద్మభూషణ్ గ్రహీత’ అన్న మాటను తప్పక కొట్టివేయండి. ఆమె పాటించిన నియమాన్నే అది తలకిందులు చేస్తుంది.

కురుక్షేత్ర, ఢిల్లీ విశ్వవిద్యాలయాల తరువాత, 1970 నుంచి 1991 వరకు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో బోధించారు.

మన విద్యార్థుల కోసం కనుక, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలను కూడా ప్రస్తావించండి. అక్కడి అశోకుడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అలాంటి శాసనాలే ఆమె పరిశోధనకు ముడిసరుకు.