ఫ్లాపీల్లో మిగిలిన నాన్నగారి వ్యాసాలు

ప్రశ్న: నాన్నగారు 1998లో తెలుగులో టైప్ చేసిన వ్యాసాలు 3.5 అంగుళాల ఫ్లాపీల్లో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా సాయం చేసేవాళ్లను ఏమని అడగాలి?
– ఓ పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: ముందు ఫ్లాపీ మూత పక్కకు జరిపి లోపలి ఫిల్మ్ చూడండి. తెల్లమచ్చలుంటే బూజు కావచ్చు; డ్రైవ్‌లో పెట్టకండి, బూజు డ్రైవ్‌లో ఫ్లాపీని చదివే హెడ్‌కు అంటుకుని మిగతా ఫ్లాపీలనూ గీకేస్తుంది. శుభ్రంగా ఉంటే మూలనున్న మీట జరిపి రంధ్రం తెరవండి, ఇక దానిమీద ఏదీ రాయడం కుదరదు. విండోస్ ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే వద్దనండి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ పెట్టి, లినక్స్‌లో డీడీరెస్క్యూతో (పాడైన డిస్కుల నుంచి డేటా కాపీ చేసే ప్రోగ్రామ్) మొత్తం ఇమేజ్, అంటే ఫ్లాపీకి ఒకే ఫైలుగా అచ్చు కాపీ, తీయండి, 1.44 ఎంబీ ఫ్లాపీకి 14,74,560 బైట్లు రావాలి.

సాయం అడిగేటప్పుడు డీడీరెస్క్యూ రాసే మ్యాప్ ఫైలు (ఏ భాగాలు చదవగలిగిందో, ఏవి కుదరలేదో చూపేది), నాన్నగారు టైప్ చేయడానికి వాడిన సాఫ్ట్‌వేర్ పేరు ఇవ్వండి. సొంత విషయాలుంటే ఇమేజ్‌ను బహిరంగంగా పెట్టొద్దు. తెలుగు బదులు పిచ్చి అక్షరాలొస్తే కంగారుపడకండి, చాలావరకు అది పాత ఫాంట్ సమస్యే. ఆ ఫాంట్ పేరు దొరికితే ఇప్పటి కంప్యూటర్లు చదివే యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు.