నేల పొడిగానే ఉంది

చిరంజీవికి ఆశీస్సులు.

పెద్ద వయసులో తాగుడు, మత్తుమందుల మీద జరిగిన పరిశోధనల గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. కష్టపడ్డావు, బాగుంది. కానీ మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర చిరాకేసి కాగితాలు పక్కన పెట్టేశాను. "వయసు మీరేకొద్దీ ఈ సమస్య తగ్గుతుందని ప్రశ్నావళులు చెబుతున్నాయి" అన్నావు.

ఆ ప్రశ్నలేమిటో చూశావా? తాగుడు వల్ల ఉద్యోగానికి ఇబ్బంది వచ్చిందా, మత్తులో బండి నడిపారా... ఇలాంటివి. ఎప్పుడో రిటైరై, బండి మానేసి ఇంట్లో ఒక్కడే ఉండే మనిషి అన్నిటికీ 'లేదు' అనే అంటాడు. అబద్ధమేం కాదు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే అమెరికా మానసిక వైద్యులు జబ్బులు గుర్తించే పుస్తకంలో, ఈ వ్యసనానికి 11 లక్షణాలు రాశారు; మునుపటికన్నా ఎక్కువ తాగితే గానీ ఎక్కకపోవడం వాటిలో ఒకటి. పెద్దవాళ్లలో ఇది తిరగబడుతుంది. ఒంట్లో నీటిపాలు తగ్గిపోతుంది కాబట్టి, ఎన్నో ఏళ్లుగా తాగే ఆ రెండు గ్లాసులే రక్తంలో ఇంకా చిక్కగా చేరతాయి. "ఆయన ఎప్పుడూ తాగేదేనండీ, పెంచలేదు" అంటారు ఇంట్లోవాళ్లు. పెంచక్కర్లేదు మరి! దీనికి ఒక పేజీ ఇవ్వాల్సింది, నువ్వు అరవాక్యంలో దాటేశావు.

ఈ తేడా గమనించే 1992లో మిషిగన్ పరిశోధకులు పెద్దవాళ్ల కోసం విడిగా 24 ప్రశ్నల పట్టిక తెచ్చారు. తాగాక ఆకలి లేక భోజనం మానేశారా? కుర్చీలోనే నిద్ర పడుతోందా? అయినవాళ్లు పోయాక తాగుడు పెరిగిందా? ఇవి చదువు, సగం వ్యాసం అక్కడే ఉంది. ప్రశ్న చూడకుండా శాతాలు ఎత్తి రాసేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట.

నిద్రమాత్రల మాటే ఎత్తలేదేం? పెద్దవాళ్లకు ఇవ్వకపోతే మేలనే మందులకు బీర్స్ అనే డాక్టరు పేరున్న జాబితా ఒకటుంది; నిద్రకు, ఆందోళనకు ఇచ్చే బెంజోడయజిపైన్లు అందులో ఉన్నాయి. తూలి పడతారు, ఎముకలు విరుగుతాయి, మతి మందగిస్తుంది.

మా పిన్ని 11 ఏళ్లు వేసుకుంది. మాత్రను బ్లేడుతో కోసి, మిగతా సగం రేకులో మడిచి దిండు కింద పెట్టుకునేది. డాక్టరు చీటీ మీద తెచ్చుకునేదే కదా, అలవాటు పడిందని ఎవరికీ తోచలేదు. ఒక తెల్లవారుజామున బాత్‌రూమ్‌లో పడి తుంటి విరిగింది. నేల తడిగా ఉందన్నారు అందరూ. తలుపు తీసింది నేనే. నేల పొడిగానే ఉంది.

ఆ సంగతి రాసి ఒక వారపత్రికకు ఇస్తే, "ముసలావిడ నిద్రమాత్ర గొడవ ఎవరు చదువుతారండీ, తాగుబోతును పెట్టండి" అని ఎడిటరు పిన్నిని ఎత్తేసి, పైన సీసా బొమ్మ వేశాడు. ఇప్పటికీ ఈ విషయమంటే చాలు, సీసా బొమ్మే వేస్తారు.

పారితోషికం, పుస్తకం సంగతులు మరోసారి మాట్లాడుకుందాం. ముందు మూడో పేజీ చింపెయ్. తెలిసిన పెద్దాయన ఎవరైనా ఉంటే దగ్గర కూర్చో. ఎంత తాగుతారన్న మాట ఎత్తకుండా, నిన్న రాత్రి భోజనం చేశారా అని అడుగు.