అన్నదమ్ములిద్దరికి రెండు రకాల జ్వరం: ఒక యువ రచయితకు లేఖ

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

కందుకూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఒకే ఇంట్లో ఉన్న అన్నదమ్ముల్లో ఒకరు కొవిడ్‌తో ఆక్సిజన్ మీదికి వెళ్లడం, ఇంకొకరు రెండు రోజుల ఒళ్లునొప్పులతో బయటపడడం ఎందుకన్న నీ ప్రశ్న విలువైనది. 2021 మే నెలలో కృష్ణపట్నంలో కొవిడ్‌కని ఇచ్చిన నాటుమందు కోసం వేలమంది బారులు తీరిన రోజుల్లో ఇంటింటా వినిపించిన ప్రశ్నే అది. అయితే, కొందరి జన్యువులు బలమైనవి, కొందరివి బలహీనమైనవి అని నువ్వు ఇచ్చిన జవాబును మాత్రం తీసేయమని కోరుతున్నాను.

జన్యువుకు బలం, బలహీనత అంటగడితే పాఠకుడికి తెలిసేది ఏమీ ఉండదు. వైరస్‌కూ శరీరానికీ జరిగే పోరులో ఆ తేడా సరిగ్గా ఏ దశలో పనిచేస్తుందో చెప్పాలి. 2020లో నెదర్లాండ్స్‌లో, అంతకుముందు పెద్ద జబ్బులేవీ లేని నలుగురు యువకులు కొవిడ్‌తో ప్రాణాపాయ స్థితికి చేరారు. వాళ్లు రెండు కుటుంబాలకు చెందిన ఇద్దరేసి అన్నదమ్ములు. వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను పసిగట్టే టీఎల్‌ఆర్7 అనే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు వాళ్లలో దెబ్బతిని ఉంది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే కాబట్టి, ఆ ఒక్క ప్రతి చెడితే ఆదుకోవడానికి రెండోది ఉండదు. అప్పుడు వైరస్ వచ్చిందని కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ సకాలంలో తగినంత విడుదల కాదు, పొరుగు కణాలకు హెచ్చరిక అందదు, ఆ ఆలస్యంలోనే వైరస్ విపరీతంగా పెరిగిపోతుంది. ఇలా ఒక్క దశను దగ్గరగా చూపిస్తే చాలు, బలహీనత అన్న మాట అవసరమే రాదు.

తోబుట్టువుల గురించి రాస్తున్నావు కనుక హెచ్‌ఎల్‌ఏ జన్యువులను వదిలిపెట్టవద్దు. వైరస్ ప్రొటీన్ల ముక్కలను కణం ఉపరితలం మీద రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలకు కనిపించేలా నిలబెట్టేవి ఇవి తయారుచేసే ప్రొటీన్లే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ఈ జన్యు సముదాయాలు రెండూ తోబుట్టువులిద్దరికీ ఒకేలా రావడానికి అవకాశం నాలుగింట ఒక వంతే.

మంచి జన్యువు, చెడ్డ జన్యువు అని తేల్చేయడానికీ తొందరపడకు. హెచ్‌ఐవీ కణంలోకి దూరడానికి వాడుకునే ప్రొటీన్‌ను తయారుచేసే సీసీఆర్5 జన్యువులో 32 డీఎన్‌ఏ అక్షరాలు లోపించిన రూపం రెండు వైపుల నుంచీ సంక్రమించిన వాళ్లకు హెచ్‌ఐవీ సాధారణంగా సోకదని 1996లో తెలిసింది; అదే లోపం ఉన్న వాళ్లకు దోమల ద్వారా వ్యాపించే వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువని తర్వాత తేలింది.

ప్రమాదం ఎంతో కూడా చెప్పాలి. కొవిడ్ తీవ్రతను పెంచే మూడో క్రోమోజోమ్ ముక్క దాదాపు 60,000 ఏళ్ల కిందట ఇప్పుడు అంతరించిపోయిన నియాండర్తాల్ మానవుల నుంచి వచ్చిందని 2020లో జన్యుశాస్త్రవేత్తలు స్వాంటే పేబో, హ్యూగో జెబెర్గ్ చూపించారు. దక్షిణాసియాలో సుమారు సగం మంది దాన్ని మోస్తున్నారు. అయినా వాళ్లలో అత్యధికులు మామూలుగానే కోలుకున్నారు. వయసు ప్రభావం దీనికంటే ఎంతో పెద్దది. నీ వ్యాసంలోని అన్నదమ్ముల వయసెంతో, ఎవరికి షుగర్ ఉందో, ఎవరు టీకా వేయించుకున్నారో నువ్వు రాయలేదు. ముందు అవి అడిగి తెలుసుకో.

ఇక నాకు నిజంగా భయం కలిగించే విషయం చెబుతాను. ఒంగోలు గిత్తను చూడగానే మేలుజాతి అవునో కాదో చెప్పగలిగిన పాఠకుల మధ్య కూర్చుని రాస్తున్నావు. జన్యు భేదం అనగానే వాళ్ల ఆలోచన కులం వైపు మళ్లుతుంది. తరతరాలుగా లోపలి పెళ్లిళ్లే చేసుకున్న సమూహాల్లో కొన్ని అరుదైన వంశపారంపర్య వ్యాధుల ముప్పు పెరిగిందని, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం చెప్పిన మాట నిజం. దాన్ని పట్టుకుని ఫలానా కులానికి వైరస్‌ను తట్టుకునే శక్తి ఎక్కువని ఎవరు రాసినా అది అబద్ధమే. ప్రతి కులంలోనూ, ప్రతి ఇంట్లోనూ మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని స్పష్టంగా రాయి. ఏ అధ్యయనం ఎవరి మీద జరిగిందో కూడా తప్పక చెప్పు. ఇలాంటి పరిశోధనల్లో ఎక్కువ భాగం ఐరోపా సంతతి వాళ్ల మీదే జరిగాయి కనుక, వాటి లెక్కలను తెచ్చి ప్రకాశం జిల్లా వాళ్లకు యథాతథంగా అంటించవద్దు.

తిరగరాసిన ప్రతిని నాకంటే ముందు వైరాలజీ తెలిసిన డాక్టరెవరికైనా చూపించి, ఆ తర్వాత నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు